ఊర్లో హోటల్ నడవాలంటే ముందు లెక్కపెట్టాల్సింది ఎవరిని

మీరు అడిగింది చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ రాస్తున్నా. మియాపూర్‌లో ఉద్యోగం, సొంతూరు చేవెళ్ల దాటాక వికారాబాద్ రోడ్డు మీద, రోడ్డుకు ఆనుకుని నాన్నగారి పేరున 300 గజాల జాగా, చేతిలో 15 లక్షలు. అక్కడ ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ కట్టి మండీ, చైనీస్, షవర్మా అమ్మితే నడుస్తుందా, ఊర్లో పోటీ కూడా లేదు కదా అన్నారు. నేను ఉండేది వనస్థలిపురంలో, హోటల్ నడిపేది సాగర్ రోడ్డు వైపు ఒక మండల కేంద్రంలో. ఏళ్ల తరబడి ఇదే పని కాబట్టి తెలిసినదంతా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పోటీ లేదన్నారు, అక్కడే మొదలుపెడదాం. ఊర్లో ప్రతి ఇంట్లో పొయ్యి ఉంది, మీ పోటీ దాంతోనే. మియాపూర్‌లో మధ్యాహ్నం ఆకలేస్తే మనిషికి ఇల్లు గంట దూరం, అందుకే హోటల్‌కు వస్తాడు. ఊర్లో ఆకలేస్తే ఇంటికి పోతాడు, పొలంలో ఉంటే ఇంటి నుంచి సద్ది వస్తుంది. ఊరి జనాభా ఎంత ఉన్నా అదంతా మీ గిరాకీ అనుకోవద్దు. ఆ పూట తమ ఇంటి పొయ్యికి దూరంగా ఉన్నవాళ్లే మీ గిరాకీ. వాళ్లెవరు, ఏ టైంకు అక్కడ ఉంటారు, ఒక పూట తిండికి ఎంత పెట్టగలరు అన్నది తేలితే మెనూ, రేట్లు, ఎన్ని కుర్చీలు, ఎన్నింటికి తెరవాలి, అన్నీ వాటంతటవే తేలిపోతాయి. అది తేలకుండా ఏసీ పెట్టినా, ఫ్లెక్సీ పెట్టినా మొదటి రెండు నెలలు సరదాగా వచ్చి చూసిపోతారు, ఆ తర్వాత కుర్చీలు ఖాళీ.

మా దగ్గర ఎవరొస్తారో చెప్తా, మీ ఊరికి అన్వయించుకోండి. పొద్దున ఐదుకు మొదటి గిరాకీ నైట్ హాల్ట్ బస్సు డ్రైవరు, కండక్టరు. రాత్రి ఆఖరి ట్రిప్పు తెచ్చి ఊర్లోనే పడుకుంటారు, తెల్లారకముందే బండి తీయాలి. వాళ్ల కోసం నాలుగున్నరకే చాయ్ మరుగుతూ ఉంటుంది, వాళ్లు మొహం కడుక్కుని వచ్చేసరికి ఇడ్లీ మొదటి వాయి దిగుతుంది. వాళ్లతోపాటే సిటీ మార్కెట్‌కు కూరగాయలు తోలే ట్రాలీ ఆటోల వాళ్లు, ఇంజన్ ఆపకుండానే నిలబడి చాయ్ తాగి పోతారు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మేస్త్రీలు, కూలీలు, ట్రాక్టర్, జేసీబీ డ్రైవర్లు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చే టీచర్లు, బ్యాంకు వాళ్లు, ఎమ్మార్వో ఆఫీసు సిబ్బంది. పదకొండు దాటాక ఆఫీసుల్లో పని మీద చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చినవాళ్లు, సార్ రాలేదని ఎదురుచూసీ చూసీ మధ్యాహ్నం అయితే భోజనానికి కూర్చుంటారు. అంగడి రోజు ఇదంతా రెండింతలు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక అంగడికి, దవాఖానకు, బ్యాంకుకు వచ్చే ఆడవాళ్లు మా దగ్గర బాగా పెరిగారు. వాళ్లు లోపలికొచ్చి కూర్చోవాలంటే శుభ్రమైన బాత్రూం ఉండాలి, పక్క టేబుల్ మీద తాగేవాళ్లు ఉండకూడదు, ఒక ప్లేటు ఇడ్లీ ముగ్గురు పంచుకున్నా మొహం మాడ్చుకోని మనిషి కౌంటర్లో ఉండాలి.

కాబట్టి మీరు కొటేషన్లు, ఇంటీరియర్ ఫొటోలు పక్కన పెట్టి ముందు లీవు పెట్టండి. ఒక అంగడి రోజు, ఒక సోమవారం, ఒక ఆదివారం మీ జాగా ముందు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోండి. గంటగంటకూ ఎంతమంది బస్సు దిగారు, ఎంతమంది చాయ్ కోసం చుట్టూ చూశారు, ఏ బండ్లు స్లో అయ్యాయి, నోట్‌బుక్‌లో రాయండి. మీ చిన్నప్పటి నుంచి తెలిసిన ఊరే కావచ్చు, కానీ హోటల్ వాడి కళ్లతో మీరు ఇంకా చూడలేదు.

మీది హైవే కాబట్టి ఇంకో లెక్క కూడా ఉంది. మీ జాగా రోడ్డుకు ఏ పక్కన ఉంది? హైదరాబాద్ నుంచి వికారాబాద్ పోయే పక్కన ఉంటే మీకు టిఫిన్ నడుస్తుంది, ఎందుకంటే వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు చూడ్డానికి పోయేవాళ్లు సిటీలో ఆరు, ఏడింటికి బయల్దేరి మీ దగ్గరికొచ్చేసరికి ఆకలి మీద ఉంటారు. తిరుగు పక్కన ఉంటే సాయంత్రం చాయ్, మిర్చి, పకోడి, మక్క కంకులు. ఎదుటి పక్క బండి దాటి వస్తుందని ఆశపడొద్దు, అందులోనూ నాలుగు లేన్ల రోడ్డు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా విస్తరిస్తున్నది మీకు తెలిసే ఉంటుంది. మధ్యలో డివైడర్ పడి, మీ ఎదురుగా యూటర్న్ లేకపోతే సగం ట్రాఫిక్ మీది కాదు. విస్తరణలో మీ 300 గజాల్లో ముందు భాగం ఎంత పోతుంది, బండ్లు ఆగడానికి ఎంత మిగులుతుంది అన్నది ఇటుక పేర్చకముందే ఆ విస్తరణ పని చూస్తున్న రోడ్ల శాఖ ఆఫీసులో, రెవెన్యూలో కనుక్కోండి. కారు ఆపే జాగా లేని హైవే హోటల్ ముందు ఎవరూ ఆగరు. ఇంకోటి, అనంతగిరి జనం వానాకాలం వీకెండ్లలోనే ఎక్కువ. ఆ నెలల గల్లా చూసి జీతాలు ఒప్పుకుంటే ఏప్రిల్, మేలో ఊపిరాడదు. ఊరి మీద, మండలం మీద వచ్చే గిరాకీతో ఖర్చు వెళ్లిపోవాలి, వీకెండ్ కార్లు మీకు మిగులు కావాలి.

మెనూ సంగతికి వస్తే, షవర్మా, చైనీస్ వద్దు. పిల్లలు అడుగుతారు, నిజమే, సాయంత్రం ఓ పది ప్లేట్లు పోతాయి కూడా. కానీ ఫ్రీజర్‌లో మాంసం పెట్టి, కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్ పడుతూ, దాని కోసం వేరే మాస్టర్‌కు జీతమిచ్చేంత అమ్మకం ఊర్లో ఉండదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను మన రాష్ట్రంలో 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించారు, జనం ఆసుపత్రుల పాలైతే గానీ ఆ ఆర్డర్ రాలేదు. సిటీలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఏ హోటల్ తిండో తేలదు, ఊర్లో గంటలో తేలిపోతుంది, ఆ పేరు మళ్లీ పోదు. మండీ అంటే బాస్మతి, మటన్, ముందుగా వండిపెట్టుకోవాలి, మిగిలితే ఆ రోజు లాభం దాంట్లోనే పోతుంది.

పొద్దున ఇడ్లీ, వడ, మైసూర్ బజ్జీ, పూరీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు, పెరుగు, అడిగినవాళ్లకు చికెన్, గుడ్డు. ఆదివారం బగారన్నం, నాటుకోడి. సాయంత్రం మిర్చి, ఆలు బజ్జీ, రాత్రికి జొన్నరొట్టె. సిటీ వాళ్లు మీ దగ్గర ఆగేది కూడా ఇలాంటి వాటికే, చైనీస్ వాళ్లకు వీధివీధినా ఉంది. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ పక్కన అంకాపూర్ చూడండి. అది పంటల వ్యాపారానికి పేరున్న ఊరు, పని మీద బయటి జనం వచ్చే ఊరు. అక్కడ నాటుకోడి కూర ముందుగా ఆర్డర్ ఇస్తే వండి అన్నంతో సహా ఇస్తారు, దాని కోసం హైదరాబాద్ నుంచి కూడా పోతారు, ఇప్పుడు సిటీలోనే ఆ పేరుతో బోర్డులున్నాయి. వచ్చే జనం ముందే ఉన్నారు, వాళ్లకు ఒక్క వంట బాగా చేసి పెట్టారు. ఆర్డర్ వచ్చాకే కోసి వండితే మిగిలేదీ ఉండదు.

సరుకు మీ ఇంటి చుట్టూనే ఉంది. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం పంట అనే గుర్తింపు వచ్చింది, మీకు దగ్గరే, పప్పు దాంతో చేసి ఆ మాట బోర్డు మీద రాయండి. చేవెళ్ల చుట్టుపక్కల రైతులు కూరగాయలు తెల్లారేసరికి సిటీకి తోలతారు. అదే కూరగాయ మీరు సిటీలో కొని మళ్లీ వెనక్కి తేవడంలో అర్థం లేదు, ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడుకుని వారానికి ఒక రేటు అనుకోండి. గిన్నెలు, డేక్షాలు, ఇడ్లీ పాత్రలు మాత్రం బేగంబజార్‌లోనే తీసుకోండి, తూకానికి కొనొచ్చు. బియ్యం పాతవి కొనండి. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఊరి మనిషికి అన్నం చూడగానే తెలుస్తుంది.

ప్లేటు లెక్క ఒకటి వేసి చూపిస్తా. రేట్లు నెలనెలా మారుతుంటాయి, లెక్క పద్ధతి పట్టుకోండి. మేస్త్రీ, కూలీ అన్నం గట్టిగా తింటారు, మనిషికి పావుకిలో బియ్యం అనుకోండి, 14 రూపాయలు. పప్పు 5, కూర 12, పచ్చిపులుసు 3, పెరుగు 8, నూనె, గ్యాస్ కలిపి 8. మొత్తం 50. ప్లేటు 90కి అమ్మితే చేతికి 40. ఇప్పుడు నలుగురు మనుషులకు నెలకు 15 వేల చొప్పున 60 వేలు, కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చులు ఇంకో 15 వేలు, అంటే రోజుకు 2,500. సొంత జాగా కాబట్టి అద్దె వేయలేదు. 2,500ను 40తో భాగిస్తే రోజూ 63 ప్లేట్లు, అదీ మీకు రూపాయి జీతం లేకుండా. మీరు రోడ్డు మీద కూర్చుని రాసిన నోట్‌బుక్‌లో భోజనం టైంకు ఆ 63 మంది కనిపిస్తున్నారా? కనిపించకపోతే భోజనం వద్దు, టిఫిన్, చాయ్‌తో మొదలుపెట్టండి. చాయ్‌లో మిగులు ఎక్కువ, చాయ్ తాగడానికి ఇంట్లో పొయ్యి ఉన్నవాడు కూడా వస్తాడు, నలుగురితో మాట్లాడటానికి.

నాన్‌వెజ్ మీదే ఆధారపడొద్దు. మంగళవారం, శనివారం చాలామంది ముట్టరు. శ్రావణం, కార్తీకం, ఆపైన అయ్యప్ప మాలలు, సంక్రాంతి దాకా చికెన్ అమ్మకం పడిపోతుంది. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వార్త రాగానే చికెన్ కొనేవాళ్లే కరువయ్యారు. మాల వేసుకున్నవాళ్లు నిశ్చింతగా తినేలా వేరే గిన్నెలు, వేరే పొయ్యి పెట్టండి, ఆ నెలల్లో అదే మీకు గిరాకీ. కోడి హలాల్ చేసినదే తీసుకోండి, ముస్లిం గిరాకీ కూడా మీదే అవుతుంది.

ఇప్పుడు ఉద్దెర, అంటే అప్పు ఖాతా. ఊర్లో హోటళ్లు మూతపడటం నేను చూసినంతవరకు వంట బాగోలేక తక్కువ, ఉద్దెర వసూలు కాక ఎక్కువ. మీరు ఆ ఊరి బిడ్డ కాబట్టి మీకు ఇది ఇంకా కష్టం. చిన్నాన్న వరస, మామ వరస, మీ నాన్నతో కలిసి చదువుకున్నాయన, అందరూ 'రాసుకో బిడ్డా' అంటారు. పూర్తిగా ఇవ్వను అంటే ఊర్లో బతకలేరు, ఆ సలహా నేనివ్వను. నెల జీతం వచ్చేవాళ్లకు నెల ఖాతా, ఫస్ట్ తారీఖు దాటితే ఆపేయాలి. రైతుకు వెయ్యి రూపాయల దాకా, వానాకాలం వడ్లో, పత్తో అమ్మిన డబ్బులు పడ్డాక ఒకసారి, యాసంగి తర్వాత ఒకసారి ఖాతా తెంపుకోవాలి. ఎవరి ఖాతా వాళ్ల ముందే రాయాలి, రాసింది చదివి వినిపించాలి. గల్లా దగ్గర మీ ఇంటివాళ్లలో కాస్త మొహమాటం లేనివాళ్లను కూర్చోబెట్టండి. ఎన్నికలప్పుడు భోజనాల ఆర్డర్లు వందల్లో వస్తాయి, అడ్వాన్స్ లేకుండా ఒక్క ప్లేటు కూడా వండొద్దు. గెలిచినవాళ్లు బిజీ అయిపోతారు, ఓడినవాళ్ల దగ్గర డబ్బులుండవు.

దావత్‌లు మాత్రం వదలొద్దు. పుట్టువెంట్రుకలు, ఓణీల ఫంక్షన్, దశదినకర్మ, గృహప్రవేశం, ప్రతిదానికి బగారన్నం, మటన్, చికెన్, పచ్చిపులుసు. మీకు డేక్షాలున్నాయి, మనుషులున్నారు, పొయ్యిలున్నాయి. సామాను వాళ్లది, వంట కూలి మీది అని ఒప్పుకుంటే మీ పెట్టుబడి ఏమీ ఇరుక్కోదు, రేటు పెరిగితే నష్టం కూడా మీది కాదు. మా దగ్గర గిరాకీ పలచగా ఉండే నెలల్లో జీతాలు వెళ్లేది దీంతోనే. ఇంటి పొయ్యి చాలని రోజు కూడా మీ గిరాకీయే అన్నమాట.

మనుషుల విషయం. సిటీ నుంచి మాస్టర్‌ను తెస్తే పాతిక, ముప్పై వేలు అడ్వాన్స్ అడుగుతాడు, పండగకు ఇంటికి పోతాడు, తిరిగి వస్తాడో లేదో తెలియదు, ఆయన లేని రోజు మీ హోటల్ బంద్. ఊర్లోనే వంట చేయిగల ఆడవాళ్లను ఇద్దరిని పెట్టుకోండి, అంగన్‌వాడీలోనో బడిలోనో వందమందికి వండిన చేయి అయితే ఇంకా మంచిది, జీతం నెల నెలా తారీఖు తప్పకుండా ఇవ్వండి. మీరు కూడా పొయ్యి దగ్గర నిలబడి అన్నీ నేర్చుకోండి, మియాపూర్‌లో కూర్చుని సీసీ కెమెరాలో హోటల్ నడపలేరు. బస్టాప్ దగ్గర ఇప్పటికే టిఫిన్ బండి నడిపే ఆమె ఎవరైనా ఉంటే ఆమె రేటు కొట్టి అమ్మొద్దు. వీలైతే ఆమెనే మీ టిఫిన్ సెక్షన్ చూసుకోమనండి, ఆమె చేతి చట్నీకి అలవాటు పడ్డ గిరాకీ కూడా వస్తుంది, ఒక ఇంటి పొట్ట కొట్టారన్న మాట కూడా రాదు.

సిట్టింగ్, అంటే కూర్చుని మందు తాగే ఏర్పాటు, పెట్టమని కచ్చితంగా అడుగుతారు, 'గ్లాసులు, నీళ్లిస్తే చాలు అన్నా' అంటారు. ఒప్పుకోవద్దు. లైసెన్స్ లేకుండా తాగనిస్తే ఎక్సైజ్ కేసు, దానికి మించి, ఒక్కసారి సిట్టింగ్ హోటల్ అని పేరు పడితే ఆడవాళ్లు, కుటుంబాలు, టీచర్లు మళ్లీ మెట్టెక్కరు. ఇంకో విషయం ఇంతకంటే గట్టిగా చెప్తున్నా. కొన్ని ఊర్లలో ఇప్పటికీ దళితులకు వేరే గ్లాసు, బయట కూర్చోబెట్టడం అనే నీచమైన అలవాటు ఏదో ఒక రూపంలో ఉంది. మీ హోటల్‌లో మొదటి రోజు నుంచి అందరికీ ఒకే బల్ల, ఒకే గ్లాసు, వండేవాళ్లు ఏ కులమైనా అదే వంటగది. ఎవరో పెద్దమనిషి అలిగి రానంటే రాకపోనివ్వండి. అలాంటి తేడా చూపడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచినా, అన్నం పెట్టే చోట ఆ పని చేయకూడదు.

కాగితాలు త్వరగా చెప్పేస్తా. ఫాస్కాస్ (FoSCoS) పోర్టల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషన్, చిన్న హోటల్‌కు ఏడాదికి 100 రూపాయలు, అమ్మకం పెరిగితే లైసెన్స్‌కు మారాలి, 14 అంకెల నంబరు కనిపించేలా పెట్టాలి. గ్రామపంచాయతీ నుంచి ట్రేడ్ లైసెన్స్. కరెంటు మీటర్ కమర్షియల్‌కు మార్పించుకోండి, ఇంటి మీటర్ మీద నడిపితే పట్టుకున్న రోజు ఫైన్ కట్టాలి. గ్యాస్ 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడండి. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. అందులో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతి తీసుకుంటే అమ్మకం మీద 5 శాతం మీ జేబులోంచి కట్టాలి, బిల్లులో గిరాకీ దగ్గర వసూలు చేయకూడదు. జాగా వ్యవసాయ భూమి కింద ఉంటే కట్టకముందే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించండి. బజ్జీల నూనె నల్లబడేదాకా కాచొద్దు, టోటల్ పోలార్ కాంపౌండ్స్ (కాచినకొద్దీ నూనెలో పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి రూల్ ఉంది, అలాంటి నూనెతో కడుపులో మంట పుట్టేది రోజూ వచ్చే మేస్త్రీకే.

డబ్బు. 15 లక్షలూ కట్టడానికి పెట్టొద్దు. రేకుల షెడ్డు, ఎత్తు బాగా పెట్టి గాలి ఆడేలా, వంటగదికి మంచి టైల్స్, డ్రైనేజీ, బోరు, రెండు బాత్రూంలు. ఏసీ వద్దు. ఫ్రిజ్, గ్రైండర్, టేబుళ్లు సిటీలో మూతపడిన హోటళ్ల సామాను అమ్మే చోట సగం ధరకు దొరుకుతాయి. ఎనిమిది లక్షల్లో తేల్చండి, మిగతా ఏడు బ్యాంకులో ఉంచండి, మొదటి ఏడాది నెల నెలా కొంత దాంట్లోంచి పోతుంది. లోన్ కావాలంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా ఇస్తారు. పీఎంఈజీపీ అని స్వయం ఉపాధికి కేంద్రం పథకం ఇంకోటి, అందులో పల్లెల్లో పెట్టే యూనిట్‌కు జనరల్ వాళ్లకు 25 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 35 శాతం సబ్సిడీ, కానీ కొత్త యూనిట్లకే, అంటే మొదలుపెట్టకముందే అప్లై చేయాలి. ఇప్పుడు అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో వికారాబాద్‌లో గానీ రంగారెడ్డిలో గానీ, మీ ఊరు ఏ జిల్లా కిందికొస్తే ఆ జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. నోట్‌బుక్ నిండాక గంటల వారీ లెక్క, మీ జాగా రోడ్డుకు ఏ పక్కనో, యూటర్న్ ఎంత దూరమో, అంగడి ఏ వారమో, ఊర్లో ఏయే ఆఫీసులున్నాయో ఇక్కడే రాయండి. అవి చూసి ఏ పూటకు ఏం వండాలో, ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలో నేను లెక్క వేసి చెప్తా.